క్యారవాన్‌లో కోనసీమ చూడటానికి వచ్చేవారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఒకప్పుడు క్యారవాన్ అంటే షూటింగ్ దగ్గర హీరోగారు కూర్చునే బండి. గోదావరి జిల్లాల్లో షూటింగులకు కొదవ లేదు కాబట్టి ఆ బండిని మేం చాలాకాలంగా చూస్తూనే ఉన్నాం. ఇప్పుడు మామూలు కుటుంబాలు కూడా అలాంటి బండ్లలో వస్తున్నాయి. టెంపో ట్రావెలర్‌ని మార్పించి వెనక రెండు మంచాలు, చిన్న వంటగట్టు, ఫ్రిజ్, ఓ మూల మరుగుదొడ్డి పెట్టించుకుంటున్నారు. కొందరివి సొంతవి, కొందరివి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అద్దెకు తీసుకున్నవి. సంక్రాంతికి ఒక్క హోటల్ గది కూడా దొరకని మా వైపు, పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటేసుకుని తిరగడానికి ఇంతకంటే సుఖమైన పద్ధతి ఏముంది? రండి. మాకు మీ బండి మీద ఏ కోపమూ లేదు.

నేను కాలువ గట్టు పక్కన ఇల్లున్న రైతుని. ఈ ఉత్తరం మీ బండిలోంచి బయటికి పోయే నీళ్ల గురించి. మిగతా సంగతులు కూడా కొన్ని చెబుతాను గానీ అసలు విషయం ఇదే.

ముందు మా నీళ్లు ఎటునుంచి ఎటు పోతాయో తెలుసుకోండి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తి చేయించాడు. ఇప్పుడున్న బ్యారేజీకి కూడా ఆయన పేరే. అక్కడినుంచి గోదావరి నీళ్లు మూడు దారుల్లో పోతాయి. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం వైపు నుంచి, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం వైపు నుంచి, గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న మా కోనసీమకు బొబ్బర్లంక నుంచి. మూడూ కలిపి పది లక్షల ఎకరాల మాట. బొబ్బర్లంక నుంచి వచ్చే కాలువ లొల్ల లాకుల (నీటిని ఆపి వదిలే గేట్ల) దగ్గర చీలి అమలాపురం వైపు, పి.గన్నవరం వైపు పోతుంది. పి.గన్నవరం దగ్గర ఆ కాలువ వైనతేయ నదిని అక్విడక్టు మీదుగా దాటుతుంది. కింద నది, పైన కాలువ. అలా నది దాటి వెళ్లిన నీళ్లే అవతల రాజోలు, సఖినేటిపల్లి వైపు ఊళ్లకు ఆధారం. సముద్రం దగ్గర కావడంతో అక్కడ చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది.

ఇప్పుడు అసలు మాట. మీరు ఫొటో దిగడానికి ఆగే ఆ కాలువ పొలాలకు మాత్రమే కాదు, ఊళ్లకు మంచినీళ్ల కాలువ కూడా. సాధారణంగా వేసవిలో, దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా తాగడానికి నీళ్లుండాలి కాబట్టి, కట్టేసే ముందే ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం. ఆ చెరువులోంచి ఫిల్టరు బెడ్‌కి, అక్కడినుంచి ట్యాంకుకి, ట్యాంకు నుంచి కుళాయికి. ఎగువన ఎవరో పైపు విప్పి వదిలిన నీళ్లు దిగువన ఒకరి ఇంట్లో బిందెలోకి చేరే దారి ఇదే. ఫిల్టరు బెడ్ ఇసుకతో మట్టిని, కొంతవరకు క్రిముల్ని ఆపుతుంది. రసాయనాల్ని ఆపడం దానివల్ల కాదు.

బయటివాళ్లకి ఒక తికమక ఉంటుంది. మా దగ్గర పంట కాలువ వేరు, మురుగు కాలువ వేరు. పంట కాలువలు మెరక మీద పోతాయి, ఎందుకంటే పొలానికి నీరు పల్లానికి దిగాలి. పొలాల్లో మిగిలిన నీరు పల్లంలో ఉన్న డ్రెయిన్లలోకి చేరి సముద్రం వైపు పోతుంది. రెండూ ఒకే వెడల్పు, రెండింటి పక్కనా కొబ్బరిచెట్లే, దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. "మురుగు కాలువే కదా" అని పైపు విప్పేవాళ్లు విప్పేది తరచూ పంట కాలువలో. పోనీ నిజంగా డ్రెయినే అయితే వదలొచ్చా అంటే, అదీ వద్దు. కౌశిక కూడా పేరుకి డ్రెయినే. కనుమ రోజున జగ్గన్నతోట తీర్థానికి వచ్చే ప్రభల్లో (వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తయిన దేవుడి ప్రభల్లో) కొన్నింటిని కుర్రాళ్లు భుజాన మోసుకుంటూ పీకల్లోతు నీళ్లలో దాటించేది ఆ కౌశికలోంచే. ఆ దృశ్యం చూడటానికే మీరంతా బండ్లేసుకుని వస్తారు. ముందురోజు రాత్రి ఆ ఒడ్డున బండి ఆపి టాయిలెట్ ట్యాంకు విప్పడం ఎలా ఉంటుందో నేను విడమరచి చెప్పక్కర్లేదు.

క్యారవాన్‌లో వాడిన నీళ్లు రెండు రకాలు. సింకులో, స్నానంలో వాడినవి ఒకటి, మరుగుదొడ్డి ట్యాంకువి రెండోది. రెండో దాని గురించి ముందు చెబుతాను.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా విదేశాల్లోని కొండలకీ అడవులకీ రాసినవి. నీటివనరుకి 200 అడుగుల దూరం నడిచి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గొయ్యి తీసి పూడ్చమంటాయి. వాళ్ల నేలకి అది మంచి సలహానే. కోనసీమలో మీరు ఏ దిక్కుకి 200 అడుగులు నడిచినా కాలువో, బోదో, చెరువో, రొయ్యల గుంటో అడ్డం వస్తుంది. రాకపోయినా లాభం లేదు. వానాకాలంలో ఇక్కడ రెండు మూడడుగులు తవ్వితే చాలు, నీళ్లు ఊరతాయి. మీరు పూడ్చింది నేలలో ఇంకి శుద్ధి అయ్యేంత లోతు మా నేలకి లేదు. కాబట్టి డెల్టాలో పూడ్చడం అన్న మాటే మర్చిపోండి. ట్యాంకులో పడింది ట్యాంకులోనే ఉండి, మరుగుదొడ్డిలోకే పోవాలి.

అది పెద్ద కష్టం కాదు. చాలా క్యారవాన్లలో ఉండేది ఇరవై లీటర్లకు అటూఇటూగా పట్టే, ఊడదీసి పట్టుకెళ్లగలిగే పెట్టె. దాన్ని మామూలు కమోడ్‌లో నెమ్మదిగా వంచి, ఒక బకెట్టు నీళ్లు పోస్తే పని అయిపోతుంది. దిండి వైపు రిసార్టులున్నాయి, హైవే మీద పెద్ద పెట్రోలు బంకులున్నాయి, గుళ్ల దగ్గర సత్రాలున్నాయి. అడిగి, పదో పాతికో ఇచ్చి వాడుకోండి. ఊళ్లో అయితే ఎవరింటి గేటు దగ్గరైనా ఆగి అడగండి. పి.గన్నవరం అక్విడక్టుకి పెట్టిన పేరు డొక్కా సీతమ్మగారిది. వేళగాని వేళ వచ్చినవాళ్లకి కూడా పొయ్యి వెలిగించి అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. ఆవిడ ఉన్న ఈ గోదావరి లంకల్లో (నది పాయల మధ్య నేలల్లో) ఉండేవాళ్లం, బాత్రూం వాడుకుంటామంటే కాదంటామా అండీ? కాకపోతే ముందే చెప్పండి, వాళ్ల సెప్టిక్ ట్యాంకు పట్టేంతే పోయండి. వర్షాకాలంలో మా ట్యాంకులు సగం నేల నీళ్లతోనే నిండి ఉంటాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. టాయిలెట్ ట్యాంకులో వాసన రాకుండా పోసే నీలం మందుల్లో కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అది వాసన పుట్టించే సూక్ష్మజీవుల్ని చంపుతుంది. సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టి తగ్గించేవి కూడా సూక్ష్మజీవులే కదా. ఆ మందు మా ట్యాంకులో పడితే అవీ చస్తాయి. తర్వాత ట్యాంకు పని చేయదు, పైకి పొంగుతుంది, ఆ ఇంటివాళ్లకి కారణం కూడా తెలీదు. ఎంజైములతో, మంచి బ్యాక్టీరియాతో పనిచేసే మందులు కూడా దొరుకుతాయి. డబ్బా మీద ఏం రాసి ఉందో చదివి, ఫార్మాల్డిహైడ్ లేనిది కొనండి. వాసన భయం ఉంటే పెట్టెని రోజూ ఖాళీ చేయండి. మందు తక్కువే పడుతుంది.

బిగించేసిన పెద్ద ట్యాంకు ఉన్న బండ్ల సంగతి వేరు. వాటికి సెప్టిక్ ట్యాంకులు తోడే లారీని పిలవాల్సి వస్తుంది. పిలిచే ముందు ఒకటే అడగండి, తోడింది ఎక్కడ పోస్తావు అని. మున్సిపాలిటీ శుద్ధి కేంద్రం పేరు చెబితే సరే. "మీకెందుకు సార్, మేం చూసుకుంటాం" అంటే అది ఏ డ్రెయిన్‌లోకి పోతుందో మాకు తెలుసు. అలాంటప్పుడు రాజమహేంద్రవరమో కాకినాడో చేరేదాకా ఆగడం మేలు.

సబ్బునీళ్లకి వద్దాం. గుర్రపు డెక్క చూసే ఉంటారు, కాలువ మీద ఊదారంగు పూలతో పచ్చగా పరుచుకుని ఉంటుంది. యాత్రికులకి అది అందంగానే కనిపిస్తుంది. కానీ దానివల్ల నీరు కదలదు, చివరి భూములకి నీరందదు, ఏటా దాన్ని తీయించడానికి ఎంతో ఖర్చు. మురుగులో ఉండే నత్రజని, కొన్ని సబ్బుపొడుల్లో ఉండే ఫాస్ఫేటు ఆ మొక్కకి ఎరువు. మా ఊళ్ల మురుగు, పొలాల యూరియా చాలక మీ గిన్నెలు కడిగిన నీళ్లు కూడా ఎందుకు?

"మేం సహజమైన సబ్బే వాడతాం" అంటారు కొందరు. సంతోషం. కానీ సహజం అనగానే నీటిలో ప్రాణులకి హాని లేదనుకోకండి. మా ఆక్వా రైతులు చెరువు సిద్ధం చేసేటప్పుడు పనికిరాని చేపల్ని చంపడానికి ఇప్పచెక్క (ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క) చల్లుతారు. అందులో చేపని చంపేది సాపోనిన్ అనే పదార్థం. కుంకుడుకాయలో నురగ వచ్చేది కూడా సాపోనిన్ వల్లే. తలంటుకోవడానికి కుంకుడుకాయ మంచిదే, కాలువలో దిగి తలంటుకోవడమే మంచిది కాదు. ఏ సబ్బయినా సరే, ఆ నీళ్లు కాలువలో కాకుండా కొబ్బరిచెట్టు మొదట్లోనో, అరటి పిలక దగ్గరో మట్టి మీద పడాలి. తోట ఆసామిని అడిగి పోయండి. రెండు బకెట్ల సబ్బునీళ్లని మట్టి భరిస్తుంది. అన్నం, నూనె మరకలు ముందు పీచుతోనో పాత కాగితంతోనో తుడిచేసి గిన్నెలు కడిగితే నీళ్లు కూడా సగమే అవుతాయి. చిన్న ట్యాంకు ఉన్న బండిలో తిరిగేవాళ్లకి ఆ పొదుపు ఎలాగూ అవసరమే.

బండి కడగడం మరో జబ్బు. లాకుల దగ్గర రేవులో చక్రాలు నీళ్లలో దింపి బండి కడగడం మాలో కూడా చాలామందికి అలవాటే. డీజిలు, గ్రీసు నీటి మీద రంగురంగులుగా తేలుతూ పోతాయి. మీవాళ్లు చేస్తే తప్పు, మావాళ్లు చేస్తే ఒప్పు అని నేననను. మాంసం కొట్ల చెత్త, పెళ్లిళ్ల ప్లాస్టిక్ గ్లాసులు కాలువలో పడేసేది ఎవరో అందరికీ తెలుసు. దాని గురించి పంచాయతీల్లో మేం మేం పోట్లాడుకుంటాం. మీరు మాత్రం వాటర్ సర్వీసింగ్ షాపుకి వెళ్లండి.

కాలువ గట్ల మీద రోడ్ల గురించి కూడా చెప్పాలి. క్యారవాన్ ఎత్తూ ఎక్కువ, బరువూ ఎక్కువ. మా గట్లు ఒండ్రుమట్టివి. నాలుగు వానలు పడ్డాక అంచు మీద బరువైన చక్రం పడితే గట్టు జారుతుంది. ఎదురుగా వరి ట్రాక్టరో కొబ్బరి లారీయో వస్తే తప్పుకోవడానికి మీరు దిగేది ఆ అంచు మీదకే. గట్టుకి గండి పడితే మునిగేది పక్కన ఉన్న చేను. అందుకని పెద్ద బండిని కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే 216 నంబరు జాతీయ రహదారిని వదలనివ్వకండి. యానాం, ఎదుర్లంక వారధి, అమలాపురం, రాజోలు, చించినాడ, అన్నీ ఆ దారిలోనో దానికి దగ్గర్లోనో ఉన్నాయి. ఒకచోట బండి ఆపి, లోపలి ఊళ్లకి ఆటోలోనో ఆర్టీసీ బస్సులోనో వెళ్లండి. బండి వెనక రెండు సైకిళ్లు కట్టుకుని వస్తే ఇంకా మంచిది. కొండా గుట్టా లేని సీమ కదా, సైకిల్ తొక్కడానికి ఇంతకంటే చదునైన నేల దొరకదు. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని కూడా దాటించే పడవ) ఎక్కి నరసాపురం దాటడం సైకిల్‌తో అయితే ఒక సరదా, క్యారవాన్‌తో అయితే ఒక టెన్షన్. డీజిలు కూడా మిగులుతుంది. ఒక లీటరు డీజిలు కాలితే రెండున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది.

కరెంటు దగ్గర ఒక చిక్కుంది. పైన సోలార్ పలకలున్న బండి అయితే జనరేటర్ మోత ఉండదని అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ కోనసీమలో నీడంటే కొబ్బరినీడ. నీడలో ఆపితే సోలార్ చార్జ్ అవదు, ఎండలో ఆపితే లోపల ఉడికిపోతారు. పైగా కొబ్బరిచెట్టు కింద ఆపిన బండి మీద ఎండుకాయ పడితే పలకా ఉండదు, అద్దమూ ఉండదు. ఎండలో ఆపి లైట్లు, ఫ్యాను, ఫ్రిజ్ సోలార్ మీద నడుపుకోండి. ఏసీ మాత్రం రాత్రంతా దాని మీద నడవదు. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకుంటే ఆ పొగ పక్కింటి కిటికీలోకే పోతుంది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరిలో రండి, ఫ్యాను చాలు. మే నెలలో రావాలనుకుంటే మీటరు ఉన్న చోట ఆపుకుని, వాడుకున్న యూనిట్లకి డబ్బులిచ్చి వైరు లాక్కోండి. సార్వా (మొదటి పంట), దాళ్వా కోతలయ్యాక రైతుని అడిగితే ఖాళీ కళ్లంలో ఆపుకోనిస్తాడు. నేల గట్టిగా ఉంటుంది, ఎండా బాగా తగులుతుంది. ధాన్యం ఆరబోసిన కళ్లంలోకి మాత్రం తోలకండి.

సముద్రం వైపు వెళ్లేవాళ్లకి. అంతర్వేది, ఓడలరేవు తీరంలో ఇసుక మీదకి బండి దింపకండి. బండి కూరుకుపోతే ట్రాక్టరు పెట్టి లాగించాల్సింది మేమే, అది పక్కన పెట్టండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, గొయ్యి తీసి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్తాయి. పైకి ఏమీ కనిపించదు, చదునైన ఇసుకే. దాని మీదుగా టన్నుల బరువున్న బండి పోతే ఏమవుతుంది? గుడ్లు పిల్లలవడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. బయటికొచ్చిన పిల్లలు రాత్రి వెలుతురు ఎటుంటే అటే సముద్రమనుకుని పాకుతాయి. బండి చుట్టూ రంగురంగుల లైట్ల తోరణాలు కట్టి రాత్రంతా వెలిగిస్తే అవి రోడ్డు వైపు వస్తాయి. తెల్లారేసరికి కాకులూ కుక్కలూ తినేస్తాయి. తీరంలో ఉన్నన్నాళ్లూ బయటి లైట్లు ఆర్పేసి, లోపల తెరలు వేసుకోండి. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో కల్యాణం జరుగుతుంది, అది కూడా ఈ తాబేళ్ల కాలంలోనే వస్తుంది, కాబట్టి ఆ రోజుల్లో ఇంకాస్త జాగ్రత్త.

కోరంగి మడ అడవికి వెళ్తే బండిని పార్కింగులో వదిలి చెక్కల దారి మీద నడవండి. మడచెట్ల ఊపిరి వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకుని ఉంటాయి. ఆటుపోట్లకి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచి వాటికి చుట్టుకుంటే ఆ వేరు గాలి పీల్చుకోలేదు. మనం కాలువలో పారేసిన చెత్తలో చాలా భాగం చివరికి చేరేది అక్కడికే.

చెత్త గురించి పొడుగ్గా చెప్పను, అందరికీ తెలిసిందే. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, ప్లేట్లు, చెంచాలు దేశమంతా నిషేధం. బొండాం ఎత్తి తాగండి, లేదా గ్లాసులో పోయించుకోండి. లీటరు సీసాలు కొనే బదులు ఇరవై లీటర్ల టిన్ను ఒకటి ఉంచుకుని ఊళ్లో వాటర్ ప్లాంటు దగ్గర నింపించుకోండి. భోజనానికి రావులపాలెం అరటి మార్కెట్ దారిలో ఆకులు దొరుకుతాయి, తిన్న ఆకు గేదెకి వేస్తే తింటుంది. మిగిలిన చెత్త సంచిని బండిలోనే కట్టి ఉంచి, చెత్తబండి వచ్చే పట్టణంలో ఇవ్వండి.

2027లో గోదావరి పుష్కరాలు. గతసారి 2015లో జులై 14 నుంచి 25 దాకా జరిగినప్పుడు ఘాట్ల దగ్గర ఎంత జనమో చూశాం. ఈసారి ఆ జనంలో క్యారవాన్లు కూడా ఉంటాయి. పుణ్యస్నానానికి వచ్చిన నదిలోకే మన ట్యాంకు విప్పితే ఆ స్నానానికి అర్థమేముంది? ప్రభుత్వంవారు ఇప్పటినుంచే రాజమహేంద్రవరం, కొవ్వూరు, రావులపాలెం, అమలాపురం, నరసాపురం లాంటి చోట్ల బండి ట్యాంకులు ఖాళీ చేసుకునే కేంద్రం ఒక్కొక్కటి పెట్టాలని కలెక్టర్లకి, మున్సిపాలిటీలకి ఈ లేఖ ద్వారానే మనవి చేస్తున్నాను. కాంక్రీటు గచ్చు, మూతతో ఒక గొట్టం, చేతులు కడుక్కోవడానికి కుళాయి, ఆ గొట్టం శుద్ధి కేంద్రానికో పెద్ద సెప్టిక్ ట్యాంకుకో కలిసి ఉంటే చాలు. దానికి కోట్లు అక్కర్లేదు. అది ఎక్కడుందో హైవే మీద బోర్డు మాత్రం పెట్టాలి, లేకపోతే ఉన్నా లేనట్టే.

చివరి మాట బండ్లు అద్దెకిచ్చేవాళ్లకి. ట్యాంకు ఖాళీ చేసి తిరిగివ్వకపోతే క్లీనింగ్ చార్జీ పడుతుందని ఒప్పందంలో రాస్తే, తిరుగు ప్రయాణంలో కస్టమర్ ఆ ట్యాంకుని ఎక్కడ విప్పుతాడో మీకు తెలుసు. రాజమహేంద్రవరం బ్రిడ్జి దాటేలోపు మా ఏదో ఒక కాలువలో విప్పేస్తాడు. ఆ షరతు తీసేయండి. శుభ్రం చేసే ఖర్చు అద్దెలోనే కలపండి, నిండు ట్యాంకుతో బండి వెనక్కి వస్తే విసుక్కోకుండా తీసుకోండి. బండి తాళం ఇచ్చేటప్పుడే ఫార్మాల్డిహైడ్ లేని మందు ఒక సీసా, చేతికి గ్లవ్స్, దారిలో ఎక్కడెక్కడ ఖాళీ చేసుకోవచ్చో రాసిన తెలుగు కాగితం ఒకటి చేతిలో పెట్టండి. సంక్రాంతి బుకింగులు మొదలయ్యేలోపు ఇంత చేస్తే చాలు.

ఇట్లు,
మధ్య డెల్టాలో గన్నవరం కాలువ కింద సాగు చేసుకునే ఒక రైతు